రొట్టె పడనివాళ్ళ చరిత్ర

తెలుగులో ‘పడదు’ అనే మాట చేసే చాకిరీ అంతా ఇంతా కాదు. వంకాయ పడదంటే దురదలని అర్థం. పాలు పడవంటే కడుపుబ్బరమని. ఆ ఊరి నీళ్ళు పడలేదంటే జలుబో జ్వరమో. తోడికోడళ్ళిద్దరికీ పడదంటే ఇంక చెప్పక్కర్లేదు. వైద్యశాస్త్రం నాలుగైదు పేర్లు పెట్టి నలుగురు వేర్వేరు డాక్టర్లకి పంచిన వ్యవహారాన్ని మనం ఒక్క క్రియతో తేల్చేస్తాం. నాకు గోధుమ పడదు. ఈ మాట చెప్పినప్పుడల్లా అవతలివాళ్ళ నుంచి వచ్చే జవాబు దాదాపు ఒకటే: “ఒక్క చపాతీకి ఏం కాదులే.”

ఆ ఒక్క చపాతీ ఏం చేస్తుందన్నది మనుషులకి తేటగా తెలిసి ఇంకా ఎనభై ఏళ్ళు కాలేదు. అంతకుముందు పద్దెనిమిది వందల ఏళ్ళపాటు జబ్బు తెలుసు, కారణం తెలీదు. కారణం రోజూ పళ్ళెంలోనే ఉంది. అయినా కనపడలేదు. నాకు ఈ చరిత్రలో ఆసక్తి ఉన్నది అక్కడే. రోజూ ఎదురుగా ఉన్న రొట్టె ఇన్ని వందల ఏళ్ళు ఎలా తప్పించుకుంది?

ముందు జబ్బు సంగతి కాస్త. పేరు సీలియాక్. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. చపాతీ పిండి సాగేది దాని వల్లే. కొన్ని జన్యువులున్న కొందరిలో ఈ గ్లూటెన్ కడుపులోకి వెళ్ళగానే ఒంట్లోని రక్షణవ్యవస్థ తన చిన్నపేగు మీదే తిరగబడుతుంది. పేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ నూగులా చూషకాలుంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. అవి అరిగి, చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లలైతే ఎదుగుదల ఆగిపోవడం. కొందరిలో పైకి ఏమీ కనపడదు కూడా. మందు లేదు. గ్లూటెన్‌ని బతికినంతకాలం మానెయ్యడమే వైద్యం. మన పాతమాటల్లో చెప్పాలంటే ఎప్పటికీ విడవని పథ్యం.

ఇది అలర్జీ కాదు. అలర్జీ అన్న మాట పుట్టింది 1906లో, వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల డాక్టరు చేతిలో. ఆహారపు అలర్జీ గురించి నాకు బాగా నచ్చిన కథ 1921 నాటిది. హైన్జ్ క్యుస్ట్నర్ అనే జర్మన్ డాక్టరుకి వండిన చేప పడేది కాదు. ఆయన సహోద్యోగి కార్ల్ ప్రౌస్నిట్జ్ క్యుస్ట్నర్ రక్తంలోంచి తీసిన సీరమ్‌ని తన చర్మంలోకి ఎక్కించుకుని, తర్వాత సరిగ్గా అదే చోట చేపసారం ఎక్కించుకున్నాడు. చేపలు హాయిగా తినే మనిషి చర్మం ఆ ఒక్కచోట ఉబ్బి దద్దురు లేచింది. పడకపోవడం అనేది మనసులోదీ నాలుక మీదదీ కాదు, రక్తంలో మోసుకుపోయేదని అలా తెలిసింది. ఆ మోసేదాన్ని ఐజీఈ అని గుర్తించేసరికి 1960లు వచ్చాయి. అలర్జీ నిమిషాల్లో వస్తుంది, ప్రాణం మీదకీ తెస్తుంది. వేరుశనగ పడని పిల్లాడి ముందు పల్లీచట్నీ పెట్టడం పరాచికం కాదు. సీలియాక్ దారి వేరు, చెదపురుగు దారి. గోడ బయటికి బానే ఉంటుంది.

కోయిలియా అంటే గ్రీకులో పొట్ట. క్రీస్తు తర్వాత రెండో శతాబ్దం ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో ఉన్న కప్పడోకియాకి చెందిన అరిటియస్ అనే వైద్యుడు తిన్నది అరక్కుండా పోతూ, ఒళ్ళు కృశించిపోయే ఒక దీర్ఘరోగాన్ని వర్ణించి, పొట్ట పేరుతోనే దాన్ని పిలిచాడు. కడుపులో ఆహారాన్ని పచనం చేసే వేడి తగ్గిపోవడం వల్ల ఇలా జరుగుతోందని ఆయన ఊహ. మన వైద్యుల జఠరాగ్నికి బాగా దగ్గర. చరకసంహితలోని గ్రహణి ఇదేనని ఈమధ్య కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. లక్షణాలు కొన్ని కలిసినంత మాత్రాన జబ్బు ఒకటైపోదు. గ్రహణిలో మజ్జిగని పొగిడారు గానీ గోధుమని వేరుచేసి దోషిగా నిలబెట్టలేదు. పేరు పెట్టిన అరిటియస్ కూడా నిలబెట్టలేదు. ఇందులో ఎవరి పరువూ పోయేది లేదు.

తర్వాత పదిహేడు వందల ఏళ్ళు వదిలేసి 1887కి వచ్చేద్దాం. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బు మీద ఒక ఉపన్యాసమిచ్చాడు. మరుసటి ఏడు అచ్చయింది. ఎక్కువగా ఒకటి నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకి వస్తుందన్నాడు. లేతరంగులో, నురగనురగగా, కంపుకొట్టే విరేచనాల్ని జాగ్రత్తగా వర్ణించాడు. నయమంటూ అయితే అది తిండి మార్చడం వల్లనే అవ్వాలని తేల్చాడు. ఇంత దూరం వచ్చిన మనిషి సరిగ్గా గుమ్మం దగ్గర పక్కకి తిరిగిపోయాడు. ఏమేం పెట్టకూడదో చెప్తూ ఆవుపాలు వద్దన్నాడు. బియ్యం, సగ్గుబియ్యం, మొక్కజొన్నపిండి వద్దన్నాడు. మరేం పెట్టొచ్చు? మాల్ట్ చేసిన ఆహారం కాస్త నయం అన్నాడు. రస్కులు పెట్టొచ్చు. పల్చగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె పెట్టొచ్చు.

ఈ జాబితా మొదటిసారి చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అన్నం నిషిద్ధం, బ్రెడ్డు పథ్యం! మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ. అందులోనూ గ్లూటెనే. హార్లిక్స్‌లో ఉండేది మాల్టు చేసిన బార్లీ, గోధుమపిండే కదా. మంచంపట్టిన మనిషిని చూడ్డానికి వెళ్తూ హార్లిక్స్ సీసా, బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకెళ్ళే మన మర్యాద వెనక కూడా ఇదే నమ్మకం ఉంది. గోధుమ తేలిక, అన్నం బరువు. జ్వరం తగ్గాక బ్రెడ్డు పాలల్లో ముంచుకుని తినని తెలుగు బాల్యం ఉంటుందా?

గీ ఉపన్యాసంలో ఇంకో ముచ్చట ఉంది. ఒక పిల్లాడికి రోజూ హాలండ్ నుంచి వచ్చే మేలురకం ఆల్చిప్పల మాంసం దండిగా పెడితే అద్భుతంగా కోలుకున్నాడట. ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్ళీ పడిపోయాడు. మరుసటేడు ఆల్చిప్పలు వచ్చేసరికి ఆ పిల్లాడు వాటి మొహం చూడనన్నాడు. పాపం, ఏ పిల్లాడైనా అంతే. అయితే ఆ కొద్ది నెలలూ వాడి కడుపు ఆల్చిప్పలతో నిండిపోయి రొట్టెకి చోటు లేకపోయి ఉంటుంది. వాడిని నిలబెట్టింది తిన్నది కాదేమో, తిననిది. గీకి ఆ వైపు ఆలోచన పోలేదు. పోకపోవడం వింత కూడా కాదు. మనం ఎవరినైనా “అన్నం తిన్నావా?” అనే పలకరిస్తాం. బిర్యానీ తిన్నా, అట్లు తిన్నా తిన్నది అన్నమే. తెలుగుదేశంలో ఒక వైద్యుడు లేచి పిల్లల్ని చంపుతున్నది అన్నం అంటే ఎంతమంది వింటారు? యూరప్‌లో రొట్టెది ఆ స్థానం. ప్రార్థనలో దేవుణ్ణి అడిగేది కూడా రోజువారీ రొట్టెనే. కేథలిక్ చర్చిలో పూజారి నాలుక మీద పెట్టే అప్పం నేటికీ గోధుమదే అయ్యుండాలి. పూర్తిగా గ్లూటెన్ లేనిది చెల్లదు. అమెరికాలోని మిస్సోరీలో బెనెడిక్టైన్ సన్యాసినులు ఎంతో శ్రమపడి, గోధుమదే అయినా గ్లూటెన్ నామమాత్రంగా ఉండే అప్పాల్ని తయారుచేసి ఈ పేచీని కొంత తీర్చారు. రొట్టెని అనుమానించడం అంటే ఎంత దూరం పోవాలో చూడండి.

ఇరవయ్యో శతాబ్దంలో అరటిపండు వచ్చింది. న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అనే పిల్లల డాక్టరు 1924లో పదిమంది పిల్లల కథ రాశాడు. అరటిపండ్ల పథ్యం పాటించిన ఎనిమిదిమంది కోలుకున్నారు, పాటించని ఇద్దరూ చనిపోయారు. అంతే, ప్రపంచమంతా అరటిపండ్ల వైద్యం పాకింది. ఆ పథ్యంలో అరటిపండ్లతోపాటు పాలు, మాంసం, కూరలు ఉండేవి. రొట్టె, బిస్కెట్లు, బంగాళదుంపలు, ధాన్యాలన్నీ బంద్. ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. పని చేసింది ఆ బంద్. పేరు మాత్రం అరటిపండుకి వచ్చింది. హాస్ మంచి డాక్టరు. ఎందరో పిల్లల్ని చావు అంచు నుంచి లాక్కొచ్చాడు. కానీ ఆయన లెక్కలో నేరం పిండిపదార్థానిది, అరటిలోని పిండిపదార్థానికి మాత్రం మినహాయింపు. కోలుకున్న పిల్లలకి జబ్బు నయమైపోయిందని నమ్మి మళ్ళీ రొట్టెకి పంపేవాళ్ళు. అసలు కారణం తేలిన తర్వాత కూడా హాస్ తన మాట మార్చుకోలేదు. లోపల పేగు మళ్ళీ అరిగిపోతున్న సంగతి ఆ పిల్లల్లో ఎందరికో పెద్దయ్యాక గానీ తెలిసి ఉండదు.

ఇక హాలండ్. అంటే నెదర్లాండ్స్. ఈ జబ్బు గురించి ఎక్కడ చదివినా ఒక కథ ఎదురవుతుంది. 1944 సెప్టెంబరులో, మిత్రసేనలకి సాయంగా డచ్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. ప్రతీకారంగా జర్మన్లు దేశపు పడమటి భాగానికి ఆహార రవాణా ఆపేశారు. తర్వాత చలికాలం విరుచుకుపడింది, కాలువలు గడ్డకట్టాయి. ఆమ్‌స్టర్‌డామ్, ద హేగ్ లాంటి నగరాల్లో మనిషికి దొరికే రేషన్ రోజుకి వెయ్యి కేలరీల కిందికి, తర్వాత అందులో సగానికి పడిపోయింది. జనం చక్కెరదుంపలు ఉడకబెట్టుకున్నారు, తులిప్ పూల దుంపలు తిన్నారు. దాదాపు 20,000 మంది చనిపోయారు. డచ్ వాళ్ళు దాన్ని హోంగర్ వింటర్ అంటారు, ఆకలి చలికాలం. ఆ కరువులో, ద హేగ్‌లోని జూలియానా పిల్లల ఆసుపత్రిలో ఒక వింత జరిగింది. ఊరంతా చిక్కిపోతుంటే సీలియాక్ పిల్లలు తేరుకున్నారు. 1945లో స్వీడన్ నుంచి ఓడల్లో వచ్చిన పిండితో తెల్లరొట్టెలు కాల్చి పంచారు, ఏప్రిల్ చివరి నుంచి మిత్రదేశాల విమానాలు ఆహారం జారవిడిచాయి. రొట్టె తిరిగొచ్చింది, పిల్లలు మళ్ళీ జబ్బుపడ్డారు. ఆసుపత్రి డాక్టరు విల్లెమ్ డికెకి బుర్రలో మెరుపు మెరిసింది. గోధుమే కారణం!

కథ బాగుంది. సినిమా తీయొచ్చు. మెరుపు మాత్రం అబద్ధం.

డికె 1905లో డోర్‌డ్రెక్ట్‌లో పుట్టాడు. కరువు రావడానికి దాదాపు పదేళ్ళ ముందే, 1930ల మధ్యలోనే, సీలియాక్ పిల్లలకి గోధుమ లేని తిండి పెట్టి చూడ్డం మొదలుపెట్టాడు. 1941లో, అంటే హోంగర్ వింటర్‌కి మూడేళ్ళ ముందే, డచ్ వైద్యపత్రికలో రొట్టె, రస్కులు మానిపించమని అచ్చువేశాడు. గీ అనుమతించిన రస్కులే. మరి ఆ ఊహ ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆసుపత్రికి వచ్చిన ఒక యువతి చెప్పిందట, రొట్టె మానిపిస్తే నా బిడ్డ ఒంటిమీద పొక్కులు తగ్గుతున్నాయి డాక్టరుగారూ అని. నేను చదివిన ఏ కథనంలోనూ ఆమె పేరు లేదు. ఆమె చెప్పింది పొక్కుల గురించి, డికె విన్నది అంతకంటే ఎక్కువ. విన్నాడు అన్నదే పెద్ద సంగతి. పిల్లల జబ్బు మీద తల్లుల మాటకి డాక్టర్ల దగ్గర ఏపాటి విలువుంటుందో మనకి తెలియందా?

అంటే కరువు కొత్తగా కనిపెట్టింది లేదు. ఒక తల్లి చూపుకి, ఒక డాక్టరు పదేళ్ళ అనుమానానికి సాక్ష్యం చెప్పింది, అంతే. అయినా పత్రికల్లో, పుస్తకాల్లో మనం పదేపదే చెప్పుకునేది కరువు కథే. యుద్ధం, విమానాలు, ఆకాశం నుంచి రాలిన ఆహారం ఉన్న కథ ముందు వంటింట్లో ఒకామె రొట్టె తీసి పక్కన పెట్టి చూసిన కథ వెలవెలబోతుంది. నాకు మాత్రం రెండోదే అసలు చరిత్ర అనిపిస్తుంది. అందులో ప్రయోగం కూడా ఉంది మరి. తీసెయ్యడం, చూడ్డం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ చూడ్డం.

యుద్ధం అయ్యాక డికె చేసిన పని దగ్గర కథకులు ఆగరు, ఎందుకంటే అది మలం తూచే పని. తిన్న కొవ్వు ఒంటికి ఎంత పట్టిందో, ఎంత బయటికి పోయిందో కొలవడానికి యాన్ వాన్ డె కామర్ అనే రసాయన శాస్త్రవేత్త 1949లో ఒక పద్ధతి తయారుచేశాడు. దాంతో పిల్లలకి ఒక్కో ధాన్యం పెట్టి, రోజుల తరబడి లెక్క రాశారు. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి డికె తన సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. గోధుమపిండి, రై పిండి తీసేస్తే పిల్లలకి ఆకలి పుడుతోంది, కొవ్వు ఒంటికి పడుతోంది. వాటి బదులు మొక్కజొన్నపిండి పెట్టినా, బియ్యప్పిండి పెట్టినా ఏ హానీ లేదు. గోధుమలోంచి గ్లూటెన్ కడిగేసి ఉత్త గంజిపొడి పెట్టినా హాని లేదు. అంటే నేరం పిండిపదార్థానిది కాదు, గ్లూటెన్‌ది. 1888లో శిక్షపడ్డ బియ్యం అరవై రెండేళ్ళ తర్వాత నిర్దోషిగా విడుదలైంది. డికె 1962లో చనిపోయాడు. అప్పటికి ఆయనకి 57 ఏళ్ళే.

తర్వాతి అధ్యాయాలు త్వరగా నడిచాయి. 1952లో బర్మింగ్‌హామ్ వైద్యులు గ్లూటెనే కారణమని తమ రోగుల్లోనూ ధ్రువపరిచారు. 1950ల మధ్యలో నోట్లోంచి గొట్టం పంపి పేగు ముక్క తీసి చూడ్డం సాధ్యమయ్యేసరికి అరిగిన చూషకాలు కంటికి కనపడ్డాయి. అప్పుడు తెలిసింది ఇది పిల్లల జబ్బు మాత్రమే కాదని, పెరిగాక పోయేదీ కాదని. ప్రపంచంలో నూటికి ఒకరి దాకా దీనితో ఉన్నారని ఇప్పటి అంచనా. అన్నిచోట్లా ఒకేలా లేదు. పశ్చిమ సహారా నుంచి తరిమేయబడి అల్జీరియా శిబిరాల్లో ఉంటున్న సహ్రావీల పిల్లల్లో 5.6 శాతానికి ఈ జబ్బున్నట్టు 1999లో వెల్లడైంది. ఒంటెపాలు, మాంసం, ఖర్జూరాలతో బతికిన ఎడారి సంచారులు వాళ్ళు. స్పెయిన్ వలసపాలనలో రొట్టె అలవాటైంది. శరణార్థులయ్యాక సహాయంగా వచ్చేది గోధుమపిండే. డచ్ పిల్లలకి రొట్టె ఆకాశం నుంచి వస్తే వీళ్ళకి లారీల్లో వచ్చింది, ఇప్పటికీ వస్తోంది.

మన సంగతి? నాలుగేళ్ళపాటు నా హిమోగ్లోబిన్ ఏడు దాటలేదు. హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఐరన్ మాత్రలు మార్చిమార్చి ఇచ్చారు, రక్తం పట్టాలంటే గోధుమ రొట్టెలు తినమని చెప్పారు, సీలియాక్ ఏమోనని నేనే అడిగితే “అది నార్త్ ఇండియన్స్‌కి వచ్చే జబ్బమ్మా, మనవైపు ఉండదు” అన్నారు. మాట పూర్తిగా తప్పు కాదు, అదే దాంట్లో ప్రమాదం. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో దేశం మూడు మూలల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్ళని పరీక్షించారు. ఈ జబ్బుని సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతంలో, దక్షిణాదిలో 0.10 శాతంలో కనపడ్డాయి. జన్యువుల్లో తేడా ఉందా అంటే పెద్దగా లేదు. జబ్బుకి అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదిలో 38.1 శాతం మందికి, దక్షిణాదిలో 36.4 శాతం మందికి ఉన్నాయి. తేడా పళ్ళెంలో ఉంది. అక్కడ మనిషి రోజుకి సగటున 455 గ్రాముల గోధుమ తింటే ఇక్కడ 25 గ్రాములు. అంటే మనం ఏ దైవరక్షణలోనూ లేం, అన్నం రక్షణలో ఉన్నాం. పోనీ వెయ్యికి ఒక్కరే అనుకుందాం. అదే నిష్పత్తి రెండు తెలుగు రాష్ట్రాలకీ వర్తిస్తే ఆ ఒక్కళ్ళూ కలిపి అరలక్షకి పైనే అవుతారు. ఇంతమంది ఉండని జబ్బుతో ఉన్నారు.

ఆ 25 గ్రాములు కూడా ఎప్పటినుంచో ఉన్నవి కావు. అమెరికా 1954లో పీఎల్ 480 చట్టం చేసింది. 1956 నుంచి దాని కింద మనకి గోధుమ రావడం మొదలైంది. 1960ల కరువుల్లో ఓడలకి ఓడలు దిగాయి. ఆ తర్వాత మన హరితవిప్లవపు గోధుమ. మైదా చౌకైంది, పరోటా బండి వచ్చింది. షుగర్ ఉన్నవాళ్ళకి రాత్రిపూట రెండు చపాతీలు అనే సూత్రం ఇంటింటి శాసనమైంది. మా నాన్నగారి తరానికి చపాతీ పథ్యం, నా తరానికి డిన్నర్, మా అక్క పిల్లలకి అన్నం కంటే ఇష్టమైన తిండి.

నాకు జబ్బు నిర్ధారణ అయిన రోజు అమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. మాది గోదావరి జిల్లా. ఇడ్లీ, అట్టు, పెసరట్టు, గారెలు, పులిహోర, దద్ధోజనం, పప్పు, చారు, పులుసు, చేపల ఇగురు. “ఇందులో గోధుమెక్కడుందే?” అంది. నిజమే. బొబ్బట్టు పోయింది గానీ బూరె ఉంది. రెండింట్లోనూ పూర్ణం అదే. ఒకదాని తొడుగు మైదా, రెండోదానిది బియ్యం మినప్పప్పు కలిపి రుబ్బిన పిండి. తాపేశ్వరం కాజా పోయింది, ఆత్రేయపురం పూతరేకు ఉంది. సంక్రాంతి మొత్తం మిగిలింది, అరిసెలు, సున్నుండలు, జంతికలు, పొంగడాలు. రంజాన్ హలీమ్ మాత్రం పోయింది, దాంట్లో గోధుమలున్నాయి. ఆ దుఃఖం నాకింకా తీరలేదు.

చిక్కంతా పేర్లలో ఉంది. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది. రెండూ ‘రవ్వే’. పెసరట్టు నాది, దాని కడుపులో ఉప్మా పెడితే నాది కాదు. సోయాసాస్‌లో గోధుమ ఉంటుంది. మిరపకాయ బజ్జీ శనగపిండే, కానీ అదే నూనెలో ముందు మైసూర్ బజ్జీ వేగి ఉంటుంది. అన్నిటికంటే దొంగ ఇంగువ. ఇంగువ చెట్టు జిగురు నేరుగా వాడలేనంత ఘాటు, అందుకని పిండీ గమ్మూ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో మైదా. పులిహోరలో చిటికెడు ఇంగువ వేస్తే చింతపండుతోపాటు గోధుమ కూడా వేసినట్టే. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, చిన్న అక్షరాలు చదివి కొనాలి. దొరకనప్పుడు అమ్మ ఆవపిండి కాస్త ఎక్కువ వేస్తుంది. ‘ఇంగువ కట్టిన గుడ్డ’ అంటాం కదా, గ్లూటెన్ కూడా అలాంటిదే. చపాతీ పీట మీద, పూరీ వేసిన చట్రంలో, జల్లెడ కన్నాల్లో మిగిలే ఉంటుంది. గ్లూటెన్ లేదని సీసా మీద రాసుకోవడానికి అంతర్జాతీయ హద్దు కిలోకి 20 మిల్లీగ్రాములు. ఒక్క చపాతీకి ఏం కాదులే అనేవాళ్ళకి ఈ అంకె చెప్తాను. వింటారని కాదు.

బజారులో గ్లూటెన్ లేని బ్రెడ్డు దొరుకుతుంది. ఖరీదెక్కువ, రుచి తడిసిన అట్టముక్కలా ఉంటుంది. లేనిదాన్ని నటించే తిండి నాకు నచ్చదు. నా ఆఫీసులో ఇదే జబ్బున్న పంజాబీ అమ్మాయి మాత్రం దాన్నే కొంటుంది. “నీకేం, మీ ఇల్లు ఇల్లులానే ఉంది” అంటుంది. ఆమెకి రొట్టె పోవడమంటే అమ్మ చెయ్యి పోవడం. నేనామెకి జొన్నరొట్టె నేర్పాను. నేనూ మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మా పక్కింటి అక్క దగ్గరే నేర్చుకున్నాను. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు, కాబట్టి సాగదు. కర్రతో ఒత్తబోతే అంచులు పగుల్తాయి. మరిగే నీళ్ళు పోసి, వేడి మీదే అరచేత్తో బాగా పిసకాలి. ఉడుకునీళ్ళకి పిండిలో కాస్త జిగురు పుడుతుంది. ఒక్కో ముద్దా తీసుకుని పొడిపిండి చల్లి, తిప్పుకుంటూ చేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్ళు రాసి, ఆ తడి ఆరాక తిప్పాలి. ఆమె మొదటి రొట్టెలు మూడూ పెనం మీదకి వెళ్ళేలోపే ముక్కలయ్యాయి. నాలుగోది పొంగింది. వంకాయ కారం కూరతో తిన్నాం. వంకాయ ఆమెకి పడుతుంది, అదొక అదృష్టం.

మిగిలిన తలనొప్పి పిండిమర. మా వీధిలో ఆయన మంచివాడే, కానీ ఒకే మరలో గోధుమలాడించి, వెంటనే బియ్యం పోస్తాడు. ఇంట్లో మిక్సీలో కొద్దికొద్దిగా పట్టుకుంటే రోజూ అవసరాలకి సరిపోతుంది గానీ, అరిసెలకి తడిపిండి ఎక్కువ కావాలి, పట్టింది పట్టినట్టు పాకంలో పడాలి. పోయిన సంక్రాంతికి ఊరెళ్తే అమ్మ అటక మీంచి రోకలి దింపించింది. నాలుగు కిలోల బియ్యం రాత్రే నానబోసింది. అక్కా నేనూ ఎదురెదురుగా నిలబడి దంచాం, కొత్త జల్లెడలో జల్లించాం. పదింటికల్లా అరచేతులు బొబ్బలెక్కాయి. పాకం మాత్రం మాకు వదల్లేదు, అమ్మే పట్టింది.